20 శాతం ఇథనాల్: పొగగొట్టం దగ్గర తేలని లెక్క

క్లుప్తంగా: పెట్రోల్‌లో ఇథనాల్ (చెరకు, ధాన్యాలను పులియబెట్టి తీసే ఆల్కహాల్) కలిపితే బండి పొగలో కొన్ని విషవాయువులు తగ్గుతాయి. కానీ పర్యావరణానికి అది మేలా, కీడా అన్నది బండి దగ్గర తేలదు. ముడిసరుకు పండే పొలం దగ్గర, దాన్ని పులియబెట్టి కాచే ఫ్యాక్టరీ దగ్గర తేలుతుంది. మన దేశంలో ఆ ముడిసరుకు కొన్నేళ్లలోనే చక్కెర మిల్లుల్లో మిగిలే మొలాసిస్ నుంచి బియ్యం, మొక్కజొన్నల వైపు జరిగింది. దాంతోపాటు నీళ్లు, యూరియా, వ్యర్థ జలాల లెక్కా మారింది.

2025 ఆగస్టులో ఈ20 పెట్రోల్, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ మీద పెద్ద రగడే నడిచింది. మైలేజీ పడిపోతోందని, పాత బండ్లలో రబ్బరు భాగాలు పాడవుతున్నాయని సోషల్ మీడియా నిండా ఫిర్యాదులు. పెట్రోలియం శాఖ వివరణల మీద వివరణలు ఇచ్చింది. ఇథనాల్ కలపని పెట్రోల్ కూడా బంకుల్లో దొరికేలా చూడాలంటూ వేసిన పిటిషన్‌ను సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. చర్చంతా ఇంజిన్ చుట్టూనే తిరిగింది. ఇథనాల్ పర్యావరణానికి మంచిదన్న మాటను మాత్రం ఎవరూ పెద్దగా తరచి చూడలేదు. అసలు చూడాల్సింది దాన్నే.

వ్యర్థంతో మొదలై పంట దాకా

పెట్రోల్‌లో ఇథనాల్ కలిపే కార్యక్రమం 2003లో 5 శాతం లక్ష్యంతో మొదలైంది. పదేళ్లు దాటినా బండి కదల్లేదు. 2014 నాటికి కలిపింది ఒకటిన్నర శాతమే. అప్పట్లో ముడిసరుకంటే మొలాసిస్. చక్కెర తీయగలిగినంత తీసేశాక మిల్లులో మిగిలే నల్లటి పాకం అది. దాని కోసం ఎవరూ ప్రత్యేకంగా చెరకు వేయరు. కాబట్టి దాంతో చేసిన ఇథనాల్ ఖాతాలో అదనపు భూమి గానీ నీళ్లు గానీ రాయనక్కర్లేదు. ఇథనాల్ పచ్చని ఇంధనం అన్న పేరు ఆ రోజుల్లో న్యాయంగానే వచ్చింది.

చిక్కల్లా లక్ష్యాన్ని పెంచడంతో వచ్చింది. 2018 జీవ ఇంధన విధానం 2030 నాటికి 20 శాతం కలపాలంది. తర్వాత గడువును 2025-26కు ముందుకు జరిపారు. 2022 జూన్‌లో 10 శాతం, 2025లో 20 శాతం అందుకున్నారు. నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా ప్రకారం 20 శాతం కలపాలంటే ఏటా సుమారు 1,016 కోట్ల లీటర్ల ఇథనాల్ కావాలి. అంత సరుకు మొలాసిస్ ఎక్కడిస్తుంది? అందుకే 2018 విధానం చెరకు రసాన్ని, ఇంకా చక్కెర మిగిలున్న బి-హెవీ మొలాసిస్‌ను, పాడైన ధాన్యాన్ని అనుమతించింది. 2020లో భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) గోదాముల్లోని మిగులు బియ్యానికీ తలుపు తెరిచారు. 2023లో వానలు దెబ్బతీసి చక్కెర దిగుబడి తగ్గేసరికి, డిసెంబర్‌లో చెరకు రసం వాడకంపై ఆంక్షలు పెట్టారు. ఆ ఖాళీలోకి మొక్కజొన్న వచ్చి కూర్చుంది. ఇప్పుడు దేశంలో ఇథనాల్ సగానికి పైగా ధాన్యాల నుంచే వస్తోంది. అందులో పెద్ద వాటా మొక్కజొన్నది.

బంకులో బోర్డు మీద ఈ మార్పు కనిపించదు. అక్కడ మొలాసిస్ ఇథనాలైనా, బోరు నీళ్ల మీద పండిన మొక్కజొన్న ఇథనాలైనా ఒకటే పేరు.

పొగలో తగ్గేది, పెరిగేది

ఇథనాల్ అణువులో ఆక్సిజన్ ఉంటుంది. అందుకే అది కలిసిన పెట్రోల్ మరింత పూర్తిగా మండుతుంది. నీతి ఆయోగ్ నివేదిక చెప్పిన పరీక్షల్లో ఈ20 వాడినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ టూవీలర్లలో సగం, కార్లలో 30 శాతం మేర తగ్గింది. హైడ్రోకార్బన్లు 20 శాతం దాకా తగ్గాయి. నైట్రోజన్ ఆక్సైడ్ల విషయంలో స్పష్టమైన తగ్గుదల లేదు. అసిటాల్డిహైడ్ అనే వాయువు మాత్రం పెరిగింది. కళ్లు, గొంతు మండించే ఈ వాయువుకు మన ఉద్గార ప్రమాణాల్లో విడిగా పరిమితి లేదు.

మైలేజీ సంగతి సూటిగానే ఉంది. లీటరు పెట్రోల్‌లో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే, లీటరు ఇథనాల్‌లో 21 మాత్రమే. అంటే మూడో వంతు తక్కువ. పర్యావరణ లెక్క వేసేటప్పుడు కూడా ఇది మరిచిపోకూడదు. ఒక లీటరు ఇథనాల్ పోస్తే ఆదా అయ్యేది లీటరు పెట్రోల్ కాదు, దాదాపు మూడింట రెండు వంతుల లీటరే.

ఇక కార్బన్ డయాక్సైడ్ సంగతి. ఇథనాల్ కాలినప్పుడూ అది వస్తుంది. కాకపోతే ఆ కార్బన్‌ను మొక్క ఎదిగేటప్పుడు గాలి నుంచే తీసుకుంది కాబట్టి చెల్లుకు చెల్లు అంటారు. సిద్ధాంతంగా సరైనదే. అయితే మొక్క ఉట్టి గాలి పీల్చి పెరగదు. దున్నడానికి డీజిల్, తోడడానికి కరెంటు, ఎదగడానికి యూరియా కావాలి. గింజ ఫ్యాక్టరీ చేరాక కాచడానికి బొగ్గో, ఊకో కావాలి.

ఎకరా మొక్కజొన్న, నాలుగు కట్టల యూరియా

యూరియా దగ్గర కాస్త ఆగాలి, లెక్కలో ఎక్కువ తేడా కొట్టేది అక్కడే. నీళ్లు బాగా ఉన్న చేలో హైబ్రిడ్ మొక్కజొన్న ఎకరాకు 25 క్వింటాళ్లు వచ్చిందనుకుందాం. టన్నుకు సుమారు 380 లీటర్ల చొప్పున ఆ గింజ నుంచి 950 లీటర్ల ఇథనాల్ వస్తుంది. శక్తిపరంగా అది 630 లీటర్ల పెట్రోల్‌కు సమానం. లీటరు పెట్రోల్ కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే ఆ ఎకరా ఆదా చేయగలిగేది, మహా అయితే, 1,450 కిలోలు.

ఇప్పుడు ఖర్చు వైపు. ఆ దిగుబడి రావాలంటే ఎకరాకు 90 కిలోల అటూ ఇటూ నత్రజని వేయాలి. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది కాబట్టి నాలుగు కట్టల పైమాటే. వేసిన నత్రజనిలో కొంత నేలలోని సూక్ష్మజీవుల వల్ల నైట్రస్ ఆక్సైడ్‌గా మారి గాలిలో కలుస్తుంది. వందేళ్ల లెక్కన చూస్తే దాని వేడి పట్టే గుణం కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు. వేసిన నత్రజనిలో ఒక శాతం అలా మారుతుందన్న సాధారణ అంచనా తీసుకున్నా, ఎకరాకు సుమారు 390 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన భారం పడుతుంది. ఆదాలో పావు వంతు అక్కడే పోయింది. నోబెల్ గ్రహీత పాల్ క్రుట్జెన్ బృందం 2008లో ఈ శాతం 3 నుంచి 5 దాకా ఉంటుందని వాదించింది. కాలువల్లోకి, చెరువుల్లోకి కొట్టుకుపోయిన ఎరువు నుంచి వచ్చే వాయువు కూడా అందులో కలిసే ఉంది. ఆ అంచనానే పట్టుకుంటే భారం 1,150 కిలోల నుంచి 1,900 కిలోల దాకా చేరుతుంది. పై అంచనా దగ్గరైతే ఆదా మొత్తం ఆవిరి!

ఈ లెక్కలో మొక్కజొన్నకు రావాల్సిన ఒక మినహాయింపు ఉంది. ఇథనాల్ తీశాక మిగిలే మడ్డిని ఆరబెట్టి డీడీజీఎస్ పేరుతో పశువులకు, కోళ్లకు దాణాగా అమ్ముతారు. బరువులో అది గింజలో మూడో వంతు దాకా ఉంటుంది. కాబట్టి భారంలో కొంత దాని ఖాతాలో వేయాలి. అయితే యూరియా తయారీకి కాల్చే సహజవాయువు, బాయిలర్ ఇంధనం, రవాణా డీజిల్ పై లెక్కలో చేర్చనేలేదు. మొక్కజొన్న ఇథనాల్ పెట్రోల్ కంటే 50 శాతం తక్కువ ఉద్గారాలు ఇస్తుందన్న ప్రభుత్వ అంకె నిలవాలంటే ఇవన్నీ తక్కువ అంచనాల వైపే ఉండాలి.

2025 వానాకాలంలో తెలంగాణలో యూరియా కోసం సొసైటీల ముందు రైతులు చెప్పులు వరుసలో పెట్టి మరీ ఎదురుచూశారు. వరి, మొక్కజొన్న విస్తీర్ణం పెరగడం ఆ కొరతకు చెప్పిన కారణాల్లో ఒకటి. విదేశీ మారకం మిగల్చాలని ఇథనాల్ చేస్తున్నాం. దాని పంటకు కావాల్సిన యూరియాను, యూరియా చేసే గ్యాస్‌ను పెద్ద ఎత్తున దిగుమతి చేసుకుంటున్నాం.

బట్టీకి కట్టెలెవరిస్తారు

ఇథనాల్ తయారీ మూల సూత్రం ఊళ్లో సారా బట్టీ పెట్టినవాళ్లకు కొత్తేమీ కాదు. పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చి, ఈస్ట్ వేసి పులియబెడతారు. చక్కెర బరువులో దాదాపు సగం ఆ పులియడంలోనే కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. తయారైన ద్రవంలో ఆల్కహాల్ పది, పన్నెండు శాతమే. మిగతాదంతా నీళ్లు. ఆ నీళ్లను వేరు చేయడానికి కాచాలి, మళ్లీ కాచాలి. ఎంత కాచినా 95 శాతం దాటి ఇంకాస్త పోయేసరికి నీళ్లు, ఆల్కహాల్ విడిపోవడం మానేస్తాయి. పెట్రోల్‌లో కలపాలంటే 99.5 శాతం ఉండాలి కాబట్టి, ఆ మిగిలిన తడిని ప్రత్యేక జల్లెడల్లాంటి పదార్థంతో పీల్చేయాలి. ఇదంతా వేడి మీద నడిచే పని.

చక్కెర మిల్లుకు ఈ వేడి దాదాపు ఉచితం, చెరకు పిప్పి ఇంట్లోనే ఉంటుంది. బ్రెజిల్ చెరకు ఇథనాల్‌కు మంచి పేరు రావడానికి ఒక ముఖ్య కారణం ఆ పిప్పే. 1975లో మొదలైన కార్యక్రమం కింద అక్కడి మిల్లులు పిప్పి మండించి తమ అవసరాలు తీర్చుకుని, మిగిలిన కరెంటును గ్రిడ్‌కు అమ్మే స్థాయికి చేరాయి. ధాన్యం డిస్టిలరీకి ఆ అదృష్టం లేదు. మొక్కజొన్న దంటు చేలోనే ఉండిపోతుంది. ఫ్యాక్టరీ బొగ్గు గానీ ఊక గానీ కొనుక్కోవాలి. బొగ్గు కొంటే పెట్రోల్ బదులు బొగ్గు కాల్చినట్టు. బ్రెజిల్ అంకెలు చూపించి మన మొక్కజొన్న ఇథనాల్‌ను సమర్థించేవాళ్లు ఈ తేడాను దాటేస్తారు.

నీళ్లు: తాగేవి, వదిలేవి

చెరకు నుంచి లీటరు ఇథనాల్‌కు 2,860 లీటర్ల నీళ్లు పడతాయని చెప్పింది విమర్శకులు కాదు, నీతి ఆయోగ్ నివేదికే. బియ్యం సంగతి ఇంకా బరువు. టన్ను బియ్యానికి 450 లీటర్ల ఇథనాల్ వస్తుందనుకుంటే, లీటరుకు సుమారు 2.2 కిలోల బియ్యం కావాలి. కిలో బియ్యం పండడానికి మూడు వేల నుంచి ఐదు వేల లీటర్ల నీళ్లని లెక్కిస్తే, లీటరు ఇథనాల్ వెనక ఆరున్నర వేల నుంచి పదకొండు వేల లీటర్లు ఉన్నట్టు. ఒక ట్యాంకర్, రెండు ట్యాంకర్లు అనుకోవచ్చు.

దీనికి ప్రభుత్వం దగ్గర ఒక జవాబుంది. ఆ బియ్యం ఎలాగూ గోదాముల్లో మిగిలిపోయింది, దాని నీళ్లు ఎప్పుడో ఖర్చయిపోయాయి, పురుగులు తినే బదులు ఇంధనం చేస్తే తప్పేంటి? ఒక్క ఏడాదికైతే ఇది సరైన వాదనే. కానీ 2024-25లో ఇథనాల్‌కు కేటాయించిన ఎఫ్‌సీఐ బియ్యం 52 లక్షల టన్నులు. ఇంత పెద్ద కొనుగోలుదారు ఏటా సిద్ధంగా ఉంటే మిగులు ఇక మిగులుగా ఉండదు, గిరాకీ అవుతుంది. పంజాబ్‌లో భూగర్భ జలం అడుగంటుతున్నా వరి తగ్గకపోవడానికి మద్దతు ధర, ఉచిత కరెంటు కారణమని దశాబ్దాలుగా అంటున్నారు. ఇథనాల్ ఆ జాబితాలో మూడోది కాగలదు.

తెలంగాణకు ఇది దూరపు ముచ్చట కాదు. ఇక్కడ యాసంగి వడ్లు ఎండాకాలంలో కోతకొస్తాయి. వాటిని పచ్చి బియ్యంగా మరాడిస్తే నూక ఎక్కువ. 2021-22లో ఉప్పుడు బియ్యం కొనబోమని కేంద్రం అన్నప్పుడు రాష్ట్రంతో నడిచిన పెద్ద వివాదానికి మూలం అదే. ఇథనాల్ ఫ్యాక్టరీలకు ఆ నూకలు మంచి ముడిసరుకు. కోళ్ల ఫారాలకూ అవే కావాలి. మొక్కజొన్న ధర కూడా పెరిగి దాణా ఖర్చు ఎక్కువైందని కోళ్ల పరిశ్రమ మొత్తుకోవడం, ఎగుమతి చేసే దేశం 2024లో మొక్కజొన్నను నికరంగా దిగుమతి చేసుకునే స్థితికి రావడం ఆ పోటీ ఫలితాలే.

తాగే నీళ్ల కంటే వదిలే నీళ్లే ఊళ్లను ఎక్కువ భయపెడుతున్నాయి. మొలాసిస్ డిస్టిలరీ లీటరు ఆల్కహాల్‌కు 8 నుంచి 15 లీటర్ల స్పెంట్ వాష్ అనే వ్యర్థ జలం వదులుతుంది. ముదురు గోధుమ రంగు, ఘాటు వాసన, దేశంలో అత్యంత చిక్కటి పారిశ్రామిక వ్యర్థ జలాల్లో ఒకటి. చెరువులో కలిస్తే అందులోని సేంద్రియ పదార్థం కుళ్లడానికే నీటిలోని ఆక్సిజన్ అయిపోతుంది, చేపలు తేలిపోతాయి. అందుకే కాలుష్య నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం చుక్క కూడా బయటికి వదలకూడదు, ఆవిరి చేసి ఆరబెట్టాలి. ధాన్యం డిస్టిలరీ వ్యర్థం ఇంత చిక్కగా ఉండదు, చాలావరకు దాణాగా మారుతుంది. ఆవిరి చేయడానికి మాత్రం మళ్లీ ఇంధనం కావాలి. ఖర్చు తగ్గించుకోవాలనుకునే యాజమాన్యానికి రాత్రి పూట ట్యాంకర్ దగ్గరి దారిగా కనిపిస్తుంది.

2021 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ ఫ్యాక్టరీలను పర్యావరణ అనుమతుల్లో బీ2 అనే కేటగిరీలో పెట్టింది. ఆ కేటగిరీకి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. అనుమతులు త్వరగా వచ్చాయి, గోడలు లేచాకే ఊళ్లకు విషయం తెలిసింది. తర్వాత జరిగింది అందరూ చూశారు. పంజాబ్‌లోని జీరా దగ్గర 2022లో మొదలైన నిరసన నెలల తరబడి సాగి, 2023 జనవరిలో డిస్టిలరీ మూసివేత ప్రకటనతో గానీ చల్లబడలేదు. నారాయణపేట జిల్లా చిత్తనూరులో 2023లో ఆందోళన ఘర్షణకు దారితీసింది. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబర్‌లో జనం రోడ్డెక్కి రాస్తారోకో చేస్తే పనులు ఆపాలని అధికారులు చెప్పాల్సి వచ్చింది. ప్రజలతో మాట్లాడే దశను తీసేసి మిగుల్చుకున్న సమయం ఇలా పోయింది.

అమెరికా, ఇండోనేషియా ముందే నడిచిన దారి

అమెరికా పెట్రోల్‌లో జీవ ఇంధనం కలపాలని 2005లో చట్టం చేసి, 2007లో లక్ష్యాలు పెంచింది. ఇప్పుడు అక్కడి మొక్కజొన్నలో దాదాపు 40 శాతం ఇథనాల్ ఫ్యాక్టరీలకు పోతుంది. 2008లో తిమోతీ సెర్చింజర్ బృందం ఒక ప్రశ్న లేవనెత్తింది. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో గింజ ఇంధనానికి పోతే, ఆ గింజ తినాల్సిన పశువుకు దాణా ఎక్కడి నుంచి వస్తుంది? ప్రపంచంలో ఇంకెక్కడో అడవి కొట్టి, గడ్డి మైదానం దున్ని పండిస్తారు. నేలలో, చెట్లలో దాగిన కార్బన్ బయటికొస్తుంది. దీన్నే పరోక్ష భూ వినియోగ మార్పు అంటారు. అదే ఏడాది జోసెఫ్ ఫార్జియోన్ బృందం దీన్ని అప్పుగా లెక్కగట్టింది. ఆగ్నేయాసియాలో పీట్ అనే బురద నేలల మీది అడవుల్ని కొట్టి పామాయిల్ వేసి బయోడీజిల్ తీస్తే ఆ కార్బన్ అప్పు తీరడానికి 423 ఏళ్లు. బ్రెజిల్‌లోని సెరాడో గడ్డి మైదానాల్లో చెరకైతే 17 ఏళ్లు.

అంకెల మీద తగాదా ఇప్పటికీ తెగలేదు. 2022లో టైలర్ లార్క్ బృందం అమెరికా మొక్కజొన్న ఇథనాల్ కార్బన్ భారం పెట్రోల్ కంటే తక్కువేమీ కాదని, బహుశా 24 శాతం ఎక్కువని తేల్చింది. అమెరికా ప్రభుత్వానికి చెందిన ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల అంతకు ముందే 40 శాతానికి పైగా తక్కువని చెప్పి ఉంది, లార్క్ లెక్కను తప్పుబట్టింది కూడా. ఇద్దరి మధ్య తేడా ప్రధానంగా ఒక్కచోటే ఉంది: దున్నిన కొత్త నేలను ఎంతమేర ఇథనాల్ ఖాతాలో వేయాలన్నది. యూరప్ ఈ తగాదా తేలేదాకా ఆగకుండా 2030 నాటికి పామాయిల్ బయోడీజిల్‌ను తన లక్ష్యాల లెక్క నుంచి తప్పించాలని నిర్ణయించింది. ఇండోనేషియా మాత్రం 2025లో డీజిల్‌లో 40 శాతం పామాయిల్ ఇంధనం కలపడం మొదలుపెట్టింది.

మన దగ్గర అడవి కొట్టి మొక్కజొన్న వేయడం లేదు కదా అనొచ్చు. మన దారి ఇంకాస్త వంకర. మొక్కజొన్నకు గిరాకీ పెరిగితే సోయా వేసే రైతు అటు మళ్లుతాడు. డిస్టిలరీల నుంచి చవకగా వచ్చే డీడీజీఎస్ సోయా చెక్కను (గింజ నుంచి నూనె తీశాక మిగిలేది) దాణా మార్కెట్ నుంచి నెట్టేస్తుంది. చెక్క అమ్ముడుపోకపోతే మిల్లు సోయా ఆడించదు, నూనె తగ్గుతుంది. వంటనూనెలో సగానికి పైగా ఇప్పటికే దిగుమతే. అందులో పెద్ద భాగం ఇండోనేషియా, మలేషియా పామాయిల్. బంకులో మిగిల్చిన డాలర్లు నూనె డబ్బాకు పోతాయి, అక్కడి అడవి మీద ఒత్తిడీ పెరుగుతుంది.

అడవి ఆముదం గుర్తుందా

జీవ ఇంధనంతో మనకిది మొదటి ప్రయోగం కాదు. 2003లో ప్రణాళికా సంఘం బయోడీజిల్ కోసం జట్రోఫాను, అంటే అడవి ఆముదాన్ని, బంజర్లలో పెంచాలంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాంతోపాటు కానుగనూ ప్రోత్సహించారు. నీళ్లు అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు అన్నారు. నీళ్లు, ఎరువు లేకపోతే గింజ కూడా రాలేదు. బంజరు అని కాగితాల్లో రాసుకున్న నేల చాలాచోట్ల ఊరి పశువుల మేత బీడు. ప్రయోగం నిశ్శబ్దంగా ముగిసింది. గోదాము, కొనుగోలు ధర, ఫ్యాక్టరీ అన్నీ ఉన్న ఇథనాల్ అంత తేలిగ్గా ముగియదు.

అదే ఎకరాలో ఎండను నేరుగా పట్టుకుంటే

పైన చెప్పిన ఎకరా మొక్కజొన్న 630 లీటర్ల పెట్రోల్‌కు సమానమైన ఇథనాల్ ఇచ్చింది. లీటరుకు 15 కిలోమీటర్ల కారు దాంతో తొమ్మిదిన్నర వేల కిలోమీటర్లు పోతుంది. ఏడాదికి రెండు పంటలు తీస్తే 19 వేలు. అదే నేలలో సోలార్ పలకలు పెడితే? మెగావాట్‌కు ఐదెకరాలు, ఏడాదికి 15 లక్షల యూనిట్లు అనుకున్నా ఎకరాకు 3 లక్షల యూనిట్లు. యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు నడిచే ఎలక్ట్రిక్ కారుకు అది 18 లక్షల కిలోమీటర్లు. దాదాపు వంద రెట్ల తేడా. మొక్క తన మీద పడ్డ ఎండలో ఒక శాతం కూడా గింజగా మార్చలేదు, పలక 20 శాతం పట్టుకుంటుంది. బ్యాటరీలకూ గనులు, వ్యర్థాల భారం ఉంది. రోడ్డు మీదున్న కోట్ల పెట్రోల్ బండ్లు రాత్రికి రాత్రి మారవు. అయినా నేల కొరత ఉన్న దేశానికి ఈ వంద రెట్లు చిన్న విషయం కాదు.

ముడిసరుకు వ్యర్థమే అయినప్పుడు చిక్కు చాలావరకు వీడుతుంది. హర్యానాలోని పానిపట్‌లో 2022 ఆగస్టులో ప్రారంభించిన ఇండియన్ ఆయిల్ ప్లాంటు ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డి నుంచి 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీసేలా కట్టింది. కాల్చి పొగ చేసే గడ్డికి అది మంచి దారి. కానీ గడ్డిలోని గట్టి నారను చక్కెరగా విడగొట్టడం ఖరీదైన పని. 1,016 కోట్ల అవసరం ముందు 3 కోట్లు ఎంత?

ఇంతలోనే 20 శాతం దాటి 27 శాతానికి వెళ్లాలన్న చర్చ మొదలైంది. ఇదే లెక్కన అందుకు మరో 350 కోట్ల లీటర్లు కావాలి. మొలాసిస్ పెరగదు, గడ్డి ప్లాంట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఆ అదనమంతా మొక్కజొన్న నుంచే రావాలంటే 90 లక్షల టన్నులకు పైగా గింజ కావాలి. ఎకరాకు 25 క్వింటాళ్ల మంచి దిగుబడితో కూడా అది 36 లక్షల ఎకరాల పైచిలుకు, నాలుగేసి కట్టల యూరియాతో.